గడ్డా, తుంగా? వేళ్ళనడిగితే చెబుతాయి

ప్రశ్న: కోనసీమలో మా అమ్మమ్మగారికి కొబ్బరితోట ఉంది. చెట్ల నీడన నేలంతా సన్నటి గడ్డి పరుచుకుని ఉంటుంది. ఒక్కో కాడ చివర తెల్లటి చిన్న బంతి, దాని కింద మూడు ఆకులు. నేను గడ్డి అన్నాను. అమ్మమ్మ ఒక కాడ తెంపి, దానివైపు చూడను కూడా చూడకుండా వేళ్ళమధ్య తిప్పి, "గడ్డి కాదే, తుంగ" అంది. చూడకుండా ఎలా తెలిసింది? అసలు గడ్డికీ తుంగకీ తేడా ఏమిటి? — ఆరో తరగతి విద్యార్థిని

జవాబు: ముందుగా ఒక మాట. నువ్వు గడ్డి అనడం తప్పేమీ కాదమ్మా. మన ఊళ్ళలో గడ్డి అన్న మాట చాలా పెద్దది. నేలమీద పచ్చగా, సన్నటి ఆకులతో మొలిచి, గేదె నోరు పెట్టగలిగినదల్లా గడ్డే. ఆ లెక్కన నువ్వు చూసిందీ గడ్డే. అయితే అమ్మమ్మ అంతకన్నా సన్నటి లెక్క వేసింది. ఆ లెక్కేమిటో మెల్లగా చూద్దాం.

మొక్కల్ని కుటుంబాలుగా విడదీసేవాళ్ళు గడ్డి అన్న మాటను ఒక్క కుటుంబానికే వాడతారు. గరిక, దర్భ, రెల్లు అందులోవే. వరి, జొన్న, చెరకు కూడా అందులోవే. ఆకాశానికి లేచే వెదురు కూడా గడ్డే! తుంగది వేరే కుటుంబం. ఇంగ్లీషులో దాన్ని సెడ్జ్ అంటారు. ప్రపంచం మొత్తంమీద ఈ కుటుంబంలో సుమారు 5,500 జాతులున్నాయి. పైకి చూస్తే గడ్డికీ తుంగకీ ఒకే పోలిక. ఇద్దరు అక్కచెల్లెళ్ళను దూరం నుంచి చూసి ఒకరనుకున్నట్టే ఇదీను. దగ్గరికి వెళ్ళాలి. వెళ్ళి, ముందు కాడ పట్టుకోవాలి.

నువ్వు చెరకు తిన్నావు కదా. గడ మీద జానెడుకొకటి చొప్పున ఉబ్బెత్తుగా ఉంగరంలాంటిది ఉంటుంది, పళ్ళకు గట్టిగా తగులుతుంది. అదే కణుపు. జొన్న కర్రకూ ఉంటుంది, వెదురుబొంగుకూ ఉంటుంది. వరి కాడ మీద ఆకుతొడుగు ఒలిచి చూస్తే దానికీ కనబడుతుంది. గడ్డి జాతికి కణుపు ఇంటిపేరులాంటిది. ఆకు పుట్టేది కణుపు దగ్గరే. మొగ్గ దాగి ఉండేదీ అక్కడే. చెరకు నాటేటప్పుడు రైతు ముచ్చెలు కొట్టి పాతిపెడతాడు చూడు, ముచ్చెలో కణుపు లేకపోతే మొలక రాదు. గరిక నేలమీద పాకుతూ కణుపు కణుపుకీ వేరు దించుకునేది కూడా ఇందుకే. గాలివానకు పడిపోయిన లేత వరి మళ్ళీ మెల్లగా తల ఎత్తేది కూడా కణుపు దగ్గర వంగే.

ఇప్పుడు నీ తెల్లబంతి మొక్క కాడను కింది నుంచి పైదాకా వేలితో రాసి చూడు. ఎక్కడా అడ్డు తగలదు. నున్నగా, ఒకే సాగుగా పోతుంది. ఆకులు చాలావరకు మొదట్లోనే ఉండిపోయాయి. పైన బంతి, దాని కింద మూడు ఆకులు. మధ్యలో ఉన్నదంతా కణుపు లేని ఖాళీ కాడ. అమ్మమ్మ వేళ్ళకు అందిన మొదటి కబురు ఇదే.

రెండో కబురు ఇంకా స్పష్టమైనది. కాడను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి, వత్తి చుట్టే అమ్మమ్మలా అటూ ఇటూ దొర్లించు. వరిగడ్డి పోచైతే సాఫీగా దొర్లుతుంది. తుంగ దొర్లదు. ఆగి ఆగి, మెట్టు మెట్టుగా తిరుగుతుంది. ఎందుకంటే దాని కాడ గుండ్రంగా లేదు, మూడు పలకలుగా ఉంది. పెద్దవాళ్ళెవరినైనా అడిగి బ్లేడుతో అడ్డంగా కోయించి చూడు. చిన్న త్రిభుజం కనబడుతుంది. లోపల వరిపోచలా గొట్టం ఉండదు, మెత్తటి బెండు నిండి ఉంటుంది. చెరకులోనూ జొన్నలోనూ లోపల నిండుగానే ఉంటుంది కాబట్టి, బెండు ఒక్కటే చూసి తుంగ అనెయ్యకు. మూడు పలకలూ, కణుపు లేకపోవడమూ కలిసి కనబడాలి.

కాడ మూడు పలకలుగా ఎందుకుంది? దీనికి జవాబు కాడలో కాదు, ఆకుల్లో వెతకాలి. మొక్కను పైనుంచి, అంటే దాని నెత్తిమీద నుంచి చూడు. ఆకులు మూడు వైపులకు వెళుతుంటాయి, మీ ఇంటి సీలింగు ఫ్యాను రెక్కల్లాగా. మొదటి ఆకు ఒకవైపు వస్తే, రెండోది మూడోవంతు తిరిగి వస్తుంది, తర్వాతది ఇంకో మూడోవంతు. నాలుగో ఆకు మళ్ళీ మొదటి ఆకు పైకి చేరుతుంది. ఇలా మూడు వరసలు. జొన్న మొక్కను ఇలాగే పైనుంచి చూస్తే రెండే వరసలు ఉంటాయి. కుడివైపొకటి, ఎడమవైపొకటి, రెండు చేతులూ చాచిన మనిషిలా. గడ్డిది రెండు వరసల లెక్క, తుంగది మూడు వరసల లెక్క. మొలక చిగురులోనే మూడుగా మొదలైన మొక్కకు కాడా మూడు పలకలుగా ఉండటం ఆ అమరికకు సరిపోయింది. నీ మొక్క తలమీద తెల్లబంతి కింద ఆకులు సాధారణంగా మూడే ఉండటం చూశావు కదా, అక్కడా అదే లెక్క.

మూడు పలకల కాడకు ఒక సుగుణం కూడా ఉంది. అది అంత తేలిగ్గా వంగదు కానీ, తేలిగ్గా మెలి తిరుగుతుంది. గాలి వచ్చినప్పుడు విరగకుండా కాస్త మెలి తిరిగి తలను పక్కకు తిప్పుకుంటుంది. గాలి ఆగాక మళ్ళీ మామూలవుతుంది. ఈసారి తోటకు వెళ్ళినప్పుడు గాలి వీచే పూట కాసేపు నిలబడి చూడు.

కణుపు, పలకలు, ఆకు వరసలు అయ్యాయి. ఇంకొక్క ఆనవాలు చెప్పి ఊరుకుంటాను. ఆకు మొదలు కాడను చుట్టుకుని ఉంటుంది, దాన్ని తొడుగు అంటారు. గడ్డిలో ఈ తొడుగు ఎక్కువగా పంచె కట్టినట్టు ఉంటుంది. ఒక అంచు మీదికి ఇంకో అంచు వస్తుంది, గోటితో విప్పితే విడిపోతుంది. తుంగలో అది చొక్కా చెయ్యిలా ఉంటుంది. అతుకు లేని గొట్టం. విప్పబోతే చిరగాల్సిందే. వరిచేలో కలుపు తీసేవాళ్ళు ఇలాంటి చిన్న చిన్న సంగతుల మీదే ఆధారపడతారు. వరికీ ఊదకీ లేతప్పుడు తేడా కనబడదు. రెండూ గడ్డి జాతే. కానీ ఆకు తొడుగును కలిసే చోట వరికి పల్చటి పొర నాలుకలా లేచి ఉంటుంది. ఊదకు ఆ పొర ఉండదు. నడుం వంచి రోజంతా కలుపు తీసే మనిషికి ఒక్కో మొక్కనూ ఎత్తి చూసే తీరిక ఉండదు కదా. ఏళ్ళ తరబడి ఆ పని చేసిన వేళ్ళకు ఆ తేడా అలవాటైపోతుంది. మీ అమ్మమ్మ చూడకుండా చెప్పిందంటే అది మంత్రం కాదు, అలవాటు.

సరే, అది తుంగ కుటుంబమని తేలింది. మరి ఏ తుంగ? పొలాల్లో, పెరళ్ళలో, రోడ్డు పక్కన మనం రోజూ చూసే తుంగ తలమీద బంతి ఉండదు. దాని పూత విప్పిన గొడుగులా ఉంటుంది. కొన్ని పుల్లలు పొట్టిగా, కొన్ని పొడుగ్గా బయటికి వచ్చి, వాటి చివర ఎరుపూ గోధుమా కలిసిన సన్నటి కంకులు ఉంటాయి. వరిచేలో ఇంకా రెండు రకాలు తగులుతాయి. ఒకదాని పూత పసుప్పచ్చగా ఉంటుంది, ఇంకోదానిది పుల్లల చివర గుండ్రటి ముద్దలుగా ఉంటుంది. నీది వీటిలో ఏదీ కాదు. నీ మొక్కకు పుల్లలే లేవు. కాడ చివరే బంతి అతుక్కుని కూర్చుంది. రంగు తెలుపు. కింద ఆకులు మూడు, ఒక్కోసారి నాలుగు. అన్నీ ఒకే పొడవు కావు, ఒకటి మిగతావాటికన్నా బాగా సాగి ఉంటుంది. మొక్క ఎత్తు జానా, మూరకు లోపు. ఆకు నలిపితే కమ్మటి వాసన వస్తుంది.

దీన్ని వృక్షశాస్త్రంలో కిలింగా నెమొరాలిస్ అంటారు. మన తోటల్లో, తోపుల్లో, తేమగా ఉన్న నీడల్లో మామూలుగా కనబడే తుంగ, ఈ నేలదే. మనం మాత్రం ఈ జవాబు అయ్యేదాకా తెల్లబంతి తుంగ అనుకుందాం.

పోలిక మొక్కలతో పొరపాటు పడకుండా ఉండాలంటే ఇంకా రెండు చోట్ల చూడాలి. మొదటిది బంతి. దానికి దగ్గరి చుట్టం ఒకటి ఉంది, ఆకారం అచ్చం ఇంతే, కాకపోతే బంతి ఆకుపచ్చగా ఉంటుంది. భూతద్దం దొరికితే తెల్లబంతిలోంచి ఒక్క పొలుసు తీసి చూడు. అది మడిచిన దోనెలా ఉంటుంది. దోనె అడుగున, వెన్ను పొడుగునా, కోడిపుంజు జుట్టులా సన్నటి పళ్ళున్న రెక్క కనబడుతుంది. ఆకుపచ్చ బంతి దానికి ఆ రెక్క ఉండదు. రెండో చోటు నేల. మట్టి మెల్లగా తవ్వి చూడు. తెల్లబంతి తుంగ గుబురుగా ఒక్కచోట ఉండదు. ఎర్రటి పొలుసులు కప్పుకున్న సన్నటి తీగలాంటి కాడ నేలకింద అడ్డంగా పాకుతూ ఉంటుంది. దాని మీద వరసగా మొక్కలు లేస్తాయి. ఇంకో తెల్లబంతి జాతి ఉంది, అది పాకదు, గుబురుగా పెరుగుతుంది. దాని మొదలు చిన్న ఉల్లిపాయలా ఉబ్బి ఉంటుంది. కాబట్టి పైన బంతి తెల్లగా ఉండి, దాని పొలుసుకు రెక్క ఉండి, కింద కాడ పాకుతూ ఉంటే అది నీడ తోటల తెల్లబంతి తుంగే.

పేరు సంగతి కూడా విను, అందులో మీ గోదావరి ప్రాంతం కూడా కాస్త ఉంది. లాటిన్‌లో నెమస్ అంటే తోపు. కాబట్టి నెమొరాలిస్ అంటే తోపుల్లో ఉండేది. నువ్వు దాన్ని ఎక్కడ చూశావో పేరులోనే ఉంది. కిలింగా అన్నది పదిహేడో శతాబ్దంలో ఉన్న పేడర్ కిలింగ్ అనే డెన్మార్క్ వృక్షశాస్త్రజ్ఞుడి పేరు. ఆయన గుర్తుగా ఈ పేరు పెట్టినవాడు ఆ దేశపువాడే, రాట్‌బోల్, 1773లో. రాట్‌బోల్ వర్ణించిన తుంగల్లో కొన్ని మన దేశం నుంచి వెళ్ళినవే. తమిళనాడు తీరంలో తరంగంబాడి అప్పుడు డెన్మార్క్ వాళ్ళ చేతిలో ఉండేది. అక్కడ ఉద్యోగం చేసిన యోహాన్ కోనిగ్ మొక్కలు సేకరించి ఐరోపాకు పంపేవాడు. ఆ కోనిగ్ 1785లో మన కాకినాడ జగన్నాథపురంలో కన్నుమూశాడు. అప్పట్లో సామర్లకోటలో ఉన్న వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్ ఆయనకు మిత్రుడు. మన గట్ల మీదా, తోటల్లోనూ మోకాళ్ళ మీద కూర్చుని ఇలా కాడలు తిప్పి చూసినవాళ్ళు అప్పుడే ఉన్నారన్నమాట.

ఇప్పుడు నువ్వు అడగని ప్రశ్న ఒకటి నేనే అడుగుతాను. గడ్డైతే ఏమిటి, తుంగైతే ఏమిటి, ఇంత వెతుకులాట ఎందుకు? ఈ తేడా తెలియక కష్టపడేవాళ్ళున్నారు కాబట్టి. పెరట్లో మొలిచిన మామూలు తుంగను అమ్మ పీకుతుంది. నాలుగు రోజులకు అది మళ్ళీ అక్కడే లేస్తుంది. మళ్ళీ పీకుతుంది, మళ్ళీ లేస్తుంది. ఎందుకలా?

ఇందాక కణుపు దగ్గర మొగ్గ ఉంటుందని చెప్పుకున్నాం. తుంగ కాడకు కణుపుల్లేవు. అంటే పైన కనబడే కాడలో మళ్ళీ చిగురించే మొగ్గలు లేవు. మరి మొగ్గలు ఎక్కడ? నేలకింద. మామూలు తుంగ వేళ్ళ దగ్గర నల్లటి చిన్న దుంపలుంటాయి. తుంగముస్తలంటే ఇవే. గుండ్రటిది అని అర్థం వచ్చేలా లిన్నేయస్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1753లో ఈ మొక్కకు సైపరస్ రొటుండస్ అని పేరు పెట్టాడు. మూడు పలకల మొక్కకు గుండ్రటి పేరేమిటని నవ్వుకోకు, ఆ గుండ్రం దుంపది. ఒక దుంప నుంచి సన్నటి తీగ బయల్దేరి కాస్త దూరంలో ఇంకో దుంప అవుతుంది, దాన్నుంచి ఇంకోటి. పూసలదండలా నేలకింద సాగుతుంది. పైన నువ్వు పీకేది ఆ దండలో ఒక పూస మీది ఆకుల్నే. మిగతా పూసలు కింద భద్రంగా ఉన్నాయి.

ఇందులో ఇంకో కిటుకు ఉంది. దండ తెగకుండా ఉన్నంతసేపూ చివరి దుంప చిగురిస్తుంటే వెనకవి చాలావరకు నిద్రపోతూ ఉంటాయి. పలుగుతోనో నాగలితోనో దండను ముక్కలు చేశామనుకో, ఆపేవాళ్ళు లేక నిద్రపోయే దుంపలన్నీ ఒక్కసారి లేస్తాయి. ఒక్క తుంగ ఉన్నచోట పది లేస్తాయి. ఇందుకే 1977లో ప్రపంచపు కలుపు మొక్కల మీద వచ్చిన ఒక ప్రసిద్ధ గ్రంథం తుంగను అన్నిటికన్నా మొండి కలుపుగా మొదటి స్థానంలో నిలబెట్టింది.

మరి దానికి విరుగుడు లేదా అంటే, ఉంది. దాని బలం ఎక్కడో తెలిస్తే బలహీనతా తెలుస్తుంది. దుంప తడి ఉన్నంతకాలమే బతుకుతుంది. మన రైతులు ఎండాకాలంలో లోతుగా వేసవి దుక్కులు దున్ని, మట్టి తిరగేసి దుంపల్ని రోహిణీ ఎండకు వదిలేస్తారు. అవి అక్కడే ఎండి చస్తాయి. వానాకాలంలో అదే దున్నకం చేస్తే తుంగకు నారు పోసినట్టే. రెండో బలహీనత నీడ. మామూలు తుంగకు ఎండ కావాలి. జనుమో జీలుగో దట్టంగా చల్లితే ఆ నీడకు అది చిక్కిపోతుంది. అందుకే మీ కొబ్బరితోటలో చెట్ల కింద దానికి బదులు తెల్లబంతి తుంగ దర్జాగా ఉంది. కొబ్బరి మట్టల సందుల్లోంచి పడే చిల్లు చిల్లుల ఎండ, కింద ఆరని తేమ ఉంటే దానికి చాలు. అడ్డంగా పాకుతూ చాపలా పరుచుకుంటుంది. నువ్వు చూసిన పచ్చటి నేల అదే. అది అక్కడ నేలను కప్పి ఉంచి, వాన చినుకు సూటిగా మట్టికి తగలకుండా కాస్తుంది. కాబట్టి పనిగట్టుకుని పీకక్కరలేదు.

తుంగను కలుపని తిట్టినచోటే దాన్ని దాచుకునేవాళ్ళూ ఉన్నారు. ఎండిన తుంగముస్తలకు మంచి వాసన, ఆయుర్వేదంలో ముస్తారిష్టం వీటితోనే చేస్తారు. అడవిపందులకు ఇవి ఇష్టమైన తిండి. కాళిదాసు శాకుంతలంలో దుష్యంతుడు వేట మానుకున్నప్పుడు, పందులు మడుగుల్లో ముస్తలు తవ్వుకుంటూ నిశ్చింతగా ఉండవచ్చంటాడు. నేలకింద ఏముందో పందికి మనకన్నా ముందే తెలుసు.

ఇక తుంగచాప. మామూలు తుంగకన్నా బాగా పొడుగ్గా పెరిగే రకాలు నీటి ఒడ్డున ఉంటాయి. చాపలు అల్లేది వాటి కాడలతోనే. తమిళనాడులో తిరునెల్వేలి దగ్గర పత్తమడై చాపలు ఇలాంటి కాడతోనే ఎంత మెత్తగా అల్లుతారంటే, గుడ్డలా మడతపడతాయి. ఈ పనికి తుంగే ఎందుకు? మళ్ళీ మొదటికే వచ్చాం చూడు. కాడకు కణుపు లేదు. నిలువునా చీలిస్తే ఎక్కడా ముడి తగలకుండా పైనుంచి కిందిదాకా ఒకే పోగుగా వస్తుంది. రెల్లునో జొన్న కర్రనో అలా చీల్చబోతే కణుపు కణుపుకీ ఆగుతుంది. ఈజిప్టువాళ్ళు వేల ఏళ్ళ కిందట రాసుకున్న పపైరస్ కూడా నైలునది ఒడ్డున మనిషిని మించి పెరిగే తుంగే. దాని మూడు పలకల కాడ లోపలి బెండును పలచటి పట్టీలుగా కోసి, నిలువుగా ఒక వరస, అడ్డంగా ఒక వరస పేర్చి, ఒత్తి ఆరబెట్టేవారు. కణుపు ఉన్న కాడైతే అంత పొడుగు పట్టీ రాదు. ఇంగ్లీషు పేపర్ అన్న మాట ఆ పపైరస్ నుంచే వచ్చింది.

అంటే అమ్మమ్మ వేళ్ళకు తగిలిన ఒక్క సంగతి, కాడ మధ్యలో కణుపు లేకపోవడం, మొగ్గ నేలకిందికి పోవడానికీ, పీకితే మళ్ళీ రావడానికీ, చాప నున్నగా ఉండటానికీ ముడిపడి ఉంది.

చివరగా నీకో పని. తోట పక్కన కాలవ గట్టున జమ్ము ఉంటుంది, చివర గోధుమరంగు కండెలాంటి పూతతో. దాని కాడ పట్టుకుని చూడు. కణుపు తగలదు, కాబట్టి గడ్డి కాదేమో అనిపిస్తుంది. వేళ్ళమధ్య తిప్పితే గుండ్రంగా దొర్లుతుంది, కాబట్టి తుంగ కాదేమో అనిపిస్తుంది. కొన్ని తుంగలకు కాడ గుండ్రంగానే ఉంటుంది కనుక తొందరపడకు. మొదట్లో ఆకులు ఎన్ని వరసలుగా లేస్తున్నాయో లెక్కపెట్టు. రెండే ఉంటాయి. తుంగైతే మూడుండాలి. అప్పుడు అమ్మమ్మ దగ్గరికి వెళ్ళి, జమ్ము గడ్డీ కాదు, తుంగా కాదు, ఇంకో కుటుంబం అని చెప్పు. చెప్పేముందు ఆమె చేతికీ ఒక కాడ ఇచ్చి, కళ్ళు మూసుకోమను.